మొగులయ్య ఇంటికి తల్లి వచ్చింది

ఉప్పుగూడ స్టేషను రోడ్డులో పరబ్రహ్మం డాక్టరుగారి దవాఖానా గోడ మీద రెండే రెండు సంగతులు రాసి ఉండేవి. మంగళవారం టీకాలు ఉచితంగా వేయబడును అని ఒకటి. రోగిని చూడనిదే సెలవు సర్టిఫికెట్ ఇవ్వబడదు అని రెండోది. మొదటిది ఎవరికీ అక్కర్లేదు, రెండోది అందరికీ కావాలి. టీకా మాట ఎత్తితే పిల్లల్ని చంకనేసుకుని వెనక్కి చూడకుండా నడిచిపోయే ఆడవాళ్లే, సర్టిఫికెట్ కోసం మొగుళ్లను రెక్కపట్టి లాక్కొచ్చేవాళ్లు. మలక్‌పేటలో గుర్రప్పందాలున్న రోజున మా బస్తీ మగవాళ్లలో సగం మందికి విరేచనాలు పట్టుకునేవి. డాక్టరుగారు నాలుక చూసి, పొట్ట నొక్కి, చేదు మందొకటి అక్కడికక్కడే తాగించి, సర్టిఫికెట్ మాత్రం ఇవ్వకుండా పంపేవారు.

నేను అక్కడ నర్సును. పేరు కమలకుమారి. మాది తెనాలి దగ్గర పల్లె. మిషను ఆసుపత్రిలో పని నేర్చుకుని హైదరాబాదు వచ్చాను. మశూచిని దేశం నుంచి తరిమేస్తామని సర్కారువాళ్లు ఇంటింటికీ తిరుగుతున్న రోజులవి. నాకు కోపం ఎక్కువని బస్తీలో అందరికీ తెలుసు. నా మొహం నిండా మశూచి మచ్చలున్న సంగతీ అందరికీ తెలుసు, కాకపోతే చూడనట్టు ఉంటారు. నాతో మాట్లాడేటప్పుడు నా చెవి వైపో, భుజం వైపో చూస్తారు. దానికి నేను అలవాటుపడ్డాను గానీ, అలవాటుపడినంత మాత్రాన బాధ లేదని కాదు.

ఒక ఎండాకాలం శుక్రవారం పొద్దున, దవాఖానా ముందు మురికినీళ్ల మోరీకి అవతల కరెంటు స్తంభం పక్కన ఒకతను చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నాడు. ఖాకీ లాగూ, నెత్తికి తువ్వాల. వచ్చినవాళ్లందరూ లోపలికి వెళుతున్నారు, అతను మాత్రం కదలడు. ఇతనెవరో సర్టిఫికెట్ బేరగాడు, డాక్టరుగారికి భయపడి నన్ను ఒంటరిగా పట్టుకుందామని చూస్తున్నాడు అనుకున్నాను. గుమ్మంలోకి వచ్చి, అక్కడ నిలబడితే నీ జబ్బు ఇక్కడ ఎవరికి తెలుస్తుందయ్యా అని కేకేశాను.

"నేను లోపలికి రావద్దు సిస్టరమ్మా. పిల్లలున్నరు గదా. మా ఇంట్ల తల్లి ఉన్నది" అన్నాడు.

నాకు వెంటనే అర్థమైంది. ఇక్కడివాళ్లు మశూచినిగానీ ఆటలమ్మనుగానీ పేరుపెట్టి పిలవరు. ఒంటి మీద పొక్కులు లేస్తే తల్లి పోసిందంటారు, ఇంటికి తల్లి వచ్చిందంటారు. వచ్చిన తల్లి తనంతట తాను వెళ్లిపోయేదాకా ఆ ఇంట్లో మందులుండవు, పోపు వాసన ఉండదు, లోపలివాళ్లు బయటికి రారు, బయటివాళ్లను లోపలికి రానివ్వరు. మావైపు అమ్మవారు అంటాం. పేరే వేరు, మొండితనం ఒకటే.

అతను ఒక కాగితాన్ని మోరీ గట్టు మీద పెట్టి, దాని మీద రాయి ఉంచి, వెనక్కి జరిగాడు. నేను వెళ్లి తీసుకున్నాను. పేరు మొగులయ్య అట. మలక్‌పేట అవతల ఒక ప్రభుత్వ కార్ఖానాలో పనిచేస్తాడు. అయిదేళ్ల బిడ్డకు ఒళ్లంతా పొక్కులు లేచాయి. అప్పటి నుంచి ఇంట్లోనే ఉన్నాడు. నిన్ననే బిడ్డకు రెండోసారి వేపాకు నీళ్లు పోశారు కాబట్టి ఇంటి మగవాడు గడప దాటొచ్చు. బిడ్డ మాత్రం మూడో నీళ్లు పోసి తల్లిని సాగనంపేదాకా కదలకూడదు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. డాక్టరుగారు కళ్లజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టి, సగంలోనే పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇది విను కమలా అని తెలుగు చేసి చెప్పారు. నిరుడు తల్లి చనిపోయిందని సెలవు తీసుకున్న మొగులయ్య, ఈ ఏడు తల్లి ఇంటికి వచ్చిందని కబురు చేసి డ్యూటీ ఎగ్గొట్టాడు. ఆమె ఎప్పుడు పోతుందో చెప్పలేమని, పోయేదాకా రాలేనని కూడా చెప్పించాడు. పై అధికారిని ఇంత మోసం చేసినవాడిని ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయకూడదో శనివారంలోగా డాక్టరు సర్టిఫికెట్‌తో సహా సంజాయిషీ ఇవ్వాలి. కింద సంతకం శ్రీహరిరావు.

శ్రీహరిరావు మావైపువాడే, ఏలూరు మనిషి. డాక్టరుగారికి బాగా తెలుసు. ఈ ఊరొచ్చి ఎన్నాళ్లయినా ఇక్కడి మాట చెవికెక్కించుకోని పెద్దమనిషి. మొగులయ్య కబురు చేసింది పక్కింటి భిక్షపతితో, అదీ గోడ మీద నుంచి. భిక్షపతి ఆ మాటను పొల్లుపోకుండా పట్టుకెళ్లి, మొగులయ్య ఇంటికి తల్లి వచ్చింది సార్, గామె పోయేదాక రాడు అని చెప్పాడు. ఎప్పుడు పోతుందయ్యా అంటే, గది ఆమె ఇష్టం సార్ అన్నాడు. మొగులయ్య తల్లి చనిపోయినప్పుడు సెలవు ఇచ్చింది శ్రీహరిరావే. పాపం మంచి మనిషి సంతాపం కూడా చెప్పాడట. ఇప్పుడు ఆ చచ్చిపోయిన తల్లి చుట్టపుచూపుగా వచ్చి కూర్చుందని వినేసరికి ఒళ్లు మండిపోయింది.

నవ్వడం అయ్యాక డాక్టరుగారు మామూలు మనిషయ్యారు. మొగులయ్య ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ నెలో పైనెలో కావలసినవాడు. ఇలాంటి మచ్చ పడితే తీసెయ్యడానికి ఒక్క సంతకం చాలు. గుమ్మంలోకి వచ్చి, బిడ్డను తీసుకురా, చూసి రాసిస్తాను అని మొగులయ్యకు చెప్పారు. బిడ్డ గడప దాటకూడదన్నాడు మొగులయ్య. అయితే నేనే వస్తానన్నారు డాక్టరుగారు. తన అత్త ఆగమ్మ దవాఖానా మనిషిని గుమ్మం తొక్కనివ్వదన్నాడు. టీకాలవాళ్లు వచ్చినప్పుడు కూడా ఆమె తలుపు తియ్యలేదట. మరి నేను చూడంది ఎలా రాస్తానయ్యా అని డాక్టరుగారు గోడ మీది రాతను చూపించారు. మొగులయ్య ఆ గోడ వైపు చూశాడు. అతనికి చదువు రాదు. అయినా అది తనకు అడ్డం ఉన్న గోడేనని తెలిసినట్టు తలదించుకున్నాడు.

నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఒకాయన నియమం వదలడు, ఇంకొకాయన ఆచారం వదలడు. మధ్యలో పోయేది నౌకరి. నేను వెళ్లి చూసొస్తాను అన్నాను. నిన్ను మాత్రం రానిస్తారా అన్నారు డాక్టరుగారు. రానివ్వకపోతే గుమ్మంలో కూర్చుంటానన్నాను.

రైలు కట్ట పక్క వాడలో ఇల్లు. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. అరుగు మీద ఆగమ్మ కూర్చుని ఉంది. సన్నటి మనిషి, చేతిలో పసుపునీళ్ల చెంబు. నా నర్సు తెల్లచీర చూడగానే లేచి తలుపుకు అడ్డంగా నిలబడింది. తిట్టడానికి నోరు కూడా తెరిచింది. తెరిచి, నా మొహం చూసి ఆగిపోయింది.

చెవి వైపు కాదు, భుజం వైపు కాదు. మొహంలోకే చూసింది. దగ్గరికొచ్చి, ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి, ఒక్కొక్క మచ్చా చూసింది. తరువాత నా కాళ్ల మీద పసుపునీళ్లు చల్లింది.

"నీ మొఖం మీద తల్లి కూసోని పోయింది బిడ్డా. నువ్వు లోపటికి రావొచ్చు" అంది.

నా జన్మలో ఎవరూ నాతో ఆ మాట అనలేదు. సంబంధాలకని వచ్చినవాళ్లు కాఫీ తాగి వెళ్లిపోవడం ఎరుగుదును. ట్రైనింగులో పక్క మంచం పిల్ల, అంటుకుంటుందా అని అడగడం ఎరుగుదును. ఒకామె నా మచ్చలు చూసి దారివ్వడం ఇదే మొదలు. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. ఆ రెండిటికన్నా ముందు నాకు కోపమే వచ్చింది. ఎందుకంటే నేను లోపలికి వెళ్లింది ఆమె మొక్కే తల్లి మనిషిగా కాదు, ఆమె తరిమేసే దవాఖానా మనిషిగా.

లోపల చీకటిగా, చల్లగా ఉంది. మొగులయ్య భార్య చంద్రమ్మ పక్కకు జరిగింది. బిడ్డ పేరు ఆండాలు. చాప మీద వేపాకులు పరిచి పడుకోబెట్టారు. చేతిలో వేపరెమ్మ పట్టుకుని, దాంతోనే వీపు గీరుకుంటోంది. నేను మొదట అరచేతులు చూశాను, తరువాత అరికాళ్లు. శుభ్రంగా ఉన్నాయి. పొక్కులన్నీ పొట్ట మీదా వీపు మీదా. కొన్ని ఎండి రాలుతున్నాయి, కొన్ని ఇంకా నీరు పట్టి ఉన్నాయి. నా ప్రాణం కుదుటపడింది. మశూచి అయితే మొహం, చేతులు, కాళ్లు నిండిపోతాయి, అన్నీ ఒకే ఈడున లేస్తాయి. ఇది ఆటలమ్మ. బిడ్డ లేచి ఆడుకుంటుంది. జబ్బ చూశాను. టీకా మచ్చ లేదు.

ఎందుకు వేయించలేదని అడిగాను. కొంచెం గట్టిగానే అడిగాను. ఆగమ్మ నా ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి చెప్పింది.

"దీని అన్న, పెద్దపోరనికి గిట్లనే తల్లి వోస్తే భయపడి దవాఖానకు ఎత్కపోయినం. సూది ఏసిన్రు. తెల్లారేవరకు పాయె. తల్లికి కోపమొచ్చింది బిడ్డా. ఇగ ఈ ఇంట్ల సూది వద్దని మొక్కుకున్న. తల్లిని ఒక్క మాట అననియ్యనని గూడ మొక్కుకున్న."

సూది వల్ల పోలేదమ్మా, ఆలస్యంగా తీసుకెళ్లారు కాబట్టి పోయాడు అని నోటి దాకా వచ్చింది. అనలేకపోయాను. ఆమె నన్ను అడిగింది, నీకు తల్లి ఎప్పుడు వోసింది, ఎట్ల బతికించింది అని. అప్పుడు నా కథ చెప్పాను. మా ఊరికి టీకాలవాడు వస్తున్నాడని తెలిసి మా నాయనమ్మ నన్నూ మా తమ్ముడు దేవసహాయాన్నీ గడ్డివామి వెనక దాచింది. టీకాలవాడు వెళ్లిపోయాక మాకు చెరొక బెల్లంముక్క పెట్టింది. మేం ఏదో గెలిచినట్టు నవ్వుకున్నాం. తరువాతి ఎండాకాలంలో ఇద్దరికీ వచ్చింది. నేను మిగిలాను.

"తల్లి నా మొహం మీద కూర్చుందో కరిచిందో నాకు తెలియదమ్మా. మా తమ్ముడికి నాకన్నా ఎక్కువ మచ్చలు వచ్చాయి. చూపించడానికి వాడి మొహం లేదు" అన్నాను.

ఆగమ్మ పసుపునీళ్ల చెంబు పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది. నేను లేచి వచ్చేశాను.

దవాఖానాకు తిరిగి వచ్చేసరికి శుక్రవారం సాయంత్రం అయింది. డాక్టరుగారు పరీక్షలో అడిగినట్టు అరచేతుల గురించీ, అరికాళ్ల గురించీ, పొక్కుల ఈడు గురించీ అడిగారు. అన్నిటికీ జవాబు చెప్పాను. ఆయన తలాడించి, ఇంగ్లీషులో సర్టిఫికెట్ రాసి సంతకం పెట్టారు. నేను బయటికి తీసుకెళ్లాను. మొగులయ్య మోరీ అవతలే ఉన్నాడు. కాగితం అందుకోలేదు.

"ఏమని రాసిన్రు సిస్టరమ్మా? రోగమని రాసిన్రా?" అని అడిగాడు.

లేదని చెప్పేస్తే అయిపోయేది. అతనికి చదువు రాదు, శ్రీహరిరావు చదివి చెప్పబోడు. కానీ నాకు అబద్ధం నోట రాదు. నా కోపానికీ దీనికీ వేరు ఒకటే అనుకుంటాను. రాశారు అన్నాను.

అతను రెండు చేతులూ జోడించి, వద్దన్నాడు. డాక్టరుగారు గుమ్మంలోకి వచ్చేశారు. తెల్లారితే శనివారం, ఉద్యోగం పోతుంది, నీకేమన్నా పిచ్చా అని కేకలేశారు. మొగులయ్య గొంతు పెంచలేదు.

"పోతే పోనీయండి సారూ. హమాలీ చేసుకుంట. బేగంబజార్ల మూటలు మొయ్యనీకి సర్టిఫికెట్ అడగరు. ఆమె ఇంట్ల ఉండంగ ఆమెను రోగమని నా చేతులతోని కాగితం ఇయ్య. ఒక పోరడు పోయిండు. ఇది ఒక్కతే ఉన్నది."

అంత మొండితనాన్ని చూస్తే నాకు చెంప పగలగొట్టాలనిపించాలి. అనిపించలేదు. అతను చదువు లేక మూర్ఖంగా మాట్లాడటం లేదు. బిడ్డ మీద భయంతో మాట్లాడుతున్నాడు. ఆ భయం ఎలా ఉంటుందో మా అమ్మ మొహంలో నేను చూశాను.

డాక్టరుగారు లోపలికి వెళ్లి కుర్చీలో కూలబడ్డారు. అతను లోపలికి ఎందుకు రావడం లేదు కమలా అని అడిగారు. పిల్లలున్నారని రావడం లేదండి, మొదట్నించీ అంతే అన్నాను. ఆయన కిటికీలోంచి మొగులయ్యను చూశారు. మొదటిరోజే ఇతను నా దగ్గరికి వచ్చి ఉంటే నేను ఏం చెప్పి ఉండేవాణ్ణి, ఇంట్లో ఉండు, ఎవరినీ కలవకు, కార్ఖానాకు పోకు అనేగా. ఆ మాట వాళ్ల తల్లి నాకన్నా ముందే చెప్పింది అన్నారు. రాసిన కాగితం చింపేసి, ఇంకోటి తీసి ఈసారి తెలుగులో రాశారు. రాసి, నన్నే పైకి చదవమన్నారు, బయటికి వినపడేటట్టు.

"మొగులయ్య ఇంటికి వచ్చింది అతన్ని కన్న తల్లి కాదు. అతని బిడ్డ ఆండాలుకు తల్లి పోసింది. ఆమెను మావైపు అమ్మవారు అంటారు. నేను చూడలేదు, మా నర్సు కమలకుమారి కళ్లారా చూసింది. తల్లి ఉన్నంతకాలం ఆ ఇంటి మనిషి కార్ఖానాకు వెళ్లకపోవడం కార్ఖానాకే మేలు. ఇది డాక్టరుగా నా మాట."

మొగులయ్య కాగితాన్ని కళ్లకద్దుకుని తీసుకుపోయాడు.

శనివారం మధ్యాహ్నం శ్రీహరిరావే స్కూటరు మీద వచ్చాడు. చేతిలో అదే కాగితం. మనిషి ఒకవైపు సిగ్గుపడుతున్నాడు, ఇంకోవైపు మండిపడుతున్నాడు. మాట అర్థంకాక పొరపాటు పడ్డానే అనుకుందాం పరబ్రహ్మంగారూ, కానీ నేను చూడలేదు అని మీరే రాస్తే పైవాళ్లకు ఏమని పంపను, నర్సు చూస్తే చెల్లుతుందా, ఆవిడకు ఏం తెలుస్తుంది అన్నాడు. నేను అక్కడే సీసాలు కడుగుతున్నాను. ఆయన నన్ను చూడనేలేదు.

చేతులు తుడుచుకుని ఆయన ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. అలవాటు ప్రకారం ఆయన చూపు నా భుజం మీదికి జారింది.

"ఇటు చూడండి సార్. మొహంలోకి చూడండి. ఏది అమ్మవారో, ఏది కాదో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అన్నాను.

ఆయన చూశాడు. చూడటం ఆయనకు కష్టమైందని నాకు తెలుసు. నేను కదలలేదు. చివరికి జేబులోంచి పెన్ను తీసి, కాగితం మూలన నర్సు స్వయంగా చూసినది, సెలవు మంజూరు అని రాసి, తేదీ వేశాడు. వెళ్తూ వెళ్తూ, తల్లి అంటే అమ్మవారని మాకెవరూ చెప్పలేదండీ అన్నాడు డాక్టరుగారితో. మీరెప్పుడు అడిగారు అన్నారు డాక్టరుగారు.

మూడో నీళ్లు పోశాక మొగులయ్య డ్యూటీలో చేరాడు. తల్లిని సాగనంపిన కబురు భిక్షపతి తెచ్చాడు. నేను ఆ సంగతి అంతటితో వదిలేశాను.

వర్షాలు మొదలయ్యాక ఒక మంగళవారం, టీకాల బల్ల దగ్గర ఎప్పటిలాగే ఖాళీగా కూర్చున్నాను. మోరీ దాటి ఆగమ్మ వచ్చింది. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ఆండాలు. లోపలికి వచ్చి స్టూలు మీద మనమరాలిని కూర్చోబెట్టింది.

"నీ చేతితోని ఎయ్యి బిడ్డా. నీ చెయ్యి అయితే తల్లి ఏమనుకోదు" అంది.

మందులో సూది ముంచాను. ఇన్నేళ్లలో ఎన్ని జబ్బల మీద పొడిచానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం ఆండాలు జబ్బను రెండుసార్లు తుడిచాను. ఆండాలు సూదిని చూడలేదు. నన్నే చూస్తోంది, కన్నార్పకుండా, పిల్లలే చూడగలిగినట్టు.

"దీంతోని నాకు గూడ నీ లెక్క మచ్చలైతయా?" అని అడిగింది.

"అవుతుంది. ఒక్కటే, జబ్బ మీద. నా మొహం మీద ఉన్నవన్నీ ఆ ఒక్కటి వేయించుకోనందుకు వచ్చినవి" అన్నాను.

అయిపోయాక ఆండాలు దిగి, జబ్బ మీద ఊదుకుంటూ గుమ్మం దగ్గరికి పోయి వాన చూస్తూ నిలబడింది. ఆగమ్మ లేవలేదు. నా మొహం వైపు మరోసారి చాలాసేపు చూసింది. తరువాత గొడుగు గోడకు ఆనించి, తాను స్టూలు మీదికి జరిగి, రవిక చెయ్యి పైకి మడుచుకుంది.